దక్షిణామూర్తి మాస్టారి జాతకాల మిషను

దక్షిణామూర్తి మాస్టారు నర్సీపట్నంలో లెక్కలు చెప్పేవారు. పిల్లలు తప్పు చేస్తే క్షమించేవారు కాదు, తాను చేస్తే ఒప్పుకునేవారు కాదు. అలాంటి మనిషి చేతికి 1988లో కంప్యూటర్ వచ్చింది. ఇక చూడండి. వీధి గదికి ‘కంప్యూటర్ జాతకములు’ అని బోర్డు కట్టారు. పుట్టిన వేళ చెబితే టకటకమంటూ ఇంగ్లీషులో కాగితం వచ్చేది, ఆయన చదివి వినిపించేవారు. మనిషి పొరపడతాడు గానీ మిషను పొరపడదని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. పక్కింట్లో ఉన్న పాపానికి నేనది రోజూ వినేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే పరదేశి వచ్చాడు. సముద్రపొడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చి మా సంతలో అమ్ముకునే మనిషి. ఇక్కడి ఆస్పత్రిలో అతని భార్య ఆడపిల్లను కన్నది. అత్తగారు పాపాయమ్మ అతన్ని గుమ్మంలోనే ఆపేసి, “ముందు జాతకం సూపించుకు రా, తరవాత మొకం సూద్దువు గాని” అందట.

మాస్టారు మీటలు నొక్కారు. “మూలా నక్షత్రం, మొదటి పాదం. తండ్రికి గండం. శాంతి చేయించేదాకా బిడ్డను చూడకూడదు.”

“ఇంకోపాలి నొక్కండి బాబూ” అన్నాడు పరదేశి.

“ఎన్నిసార్లు నొక్కినా అదే చెబుతుందయ్యా.”

నొక్కారు. అదే చెప్పింది. పరదేశి అరుగు మీద కూలబడ్డాడు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన బిడ్డ మరి. మాస్టారు మళ్ళీ నొక్కబోతుంటే కరెంటు పోయింది. మా ఊళ్ళో కరెంటు పోవడం వింతేం కాదు గానీ, ఒకరికి మేలు చేసి పోవడం మాత్రం ఆ ఒక్కసారే.

కరెంటు వచ్చాక కేసెట్ పెట్టి ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించి నొక్కితే రేవతి, మొదటి పాదం అంది. ఏ దోషమూ లేదు. మాస్టారు పాత కాగితం తీసి ఈసారి మొత్తం చదివారు. నక్షత్రం మూల, రాశి మీనం. ధనుస్సులో ఉండాల్సిన మూల, రేవతి ఉండే మీనంలోకి ఎలా వస్తుంది?

మిషను అమ్మిన వైజాగు కుర్రాడికి ట్రంకాల్ చేశారు.

“మెమరీలో ఎప్పుడైనా ఒక సున్నా దానంతటదే ఒకటైపోతుందండీ. కరెంటు పోయి ప్రోగ్రాం మళ్ళీ ఎక్కిస్తే సరైపోతుంది. ఆ తప్పు పట్టుకుని దిద్దుకునే మెమరీ పెద్దాఫీసుల మిషన్లకి పెడతారు. ఇళ్ళల్లో వాడేవాటికి ఎందుకండీ?”

“ఆఫీసులో లెక్క తప్పితే మర్నాడు దిద్దుకుంటారయ్యా. కన్నబిడ్డను చూడొద్దని నేనొకడితో అన్నాను. అదెవరు దిద్దుతారు?” అని ఫోను పెట్టేసి, మాస్టారు పరదేశిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరారు. ఆయన తప్పు ఒప్పుకోవడం చూసే భాగ్యం మళ్ళీ దొరకదని నేనూ వెంటపడ్డాను.

ముందు మూల అన్న మిషను ఇప్పుడు దోషం లేదంటోందని మాస్టారు చెబుతుంటే, వరండాలో పాపాయమ్మ బిడ్డను కొంగులో దాచేసింది. “మిషను తప్పు సెప్పదని మీరే అంటారు కదండీ. ఇప్పుడిదేటి?”

చుట్టూ జనం. అందులో ఆయన దగ్గర బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. మాస్టారు కళ్ళజోడు తీశారు.

“తప్పే చెప్పిందమ్మా. దానికి దిద్దుకోవడం రాదు. నేనేమో పూర్తిగా చదవలేదు.”

నవ్వుదామని వెళ్ళినవాణ్ణి, నాకు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పాపాయమ్మ కొంగు తీసింది. పరదేశి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్ళీ తుడుచుకుని కూతుర్ని అందుకున్నాడు.