ఫెర్న్, ఉడుత, పళ్ల గది

ఎనభైల్లో మా మరిది విశాఖలో బోటనీ చదివేవాడు. ఓ వేసవిలో ఏజెన్సీ కొండల నుంచి ఒక ఫెర్న్ మొక్క తెచ్చి నాకు అప్పగించాడు. "చాలా అరుదైంది వదినా. ఇది పోతే మళ్లీ దొరకదు. పరీక్షలు రాసి వచ్చేస్తా, అందాకా ఎండ తగలనివ్వకు" అన్నాడు. పువ్వు పూయదు, కాయ కాయదు. మామిడి వ్యాపారం చేసే ఇంట్లో అలాంటి మొక్కకి కొత్తల్లుడి మర్యాదలు జరిగాయి. నూజివీడు ఎండలకి మా ఇంట్లో చల్లగా ఉండేది కాయలు మాగేసే గది ఒక్కటే. కుండీ అక్కడ పెట్టాను.

ఓ రోజు నేను వంటింట్లో ఉండగా మావయ్యగారు ఆ గదిలో కాయలు త్వరగా మాగడానికి వాటి మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టించి, వెంటిలేటర్‌లో గోనెలు కుక్కించి, తలుపేయించారు. కాసేపటికి వెంటిలేటర్ దగ్గర ఒక ఉడుత ఒకటే అరుపు. పళ్ల కోసం దాని గోల అనుకున్నాను. అంతలో కుండీ గుర్తొచ్చింది. ఆ గ్యాస్‌కి మొక్క చచ్చిపోతుందని మావయ్యగారి దగ్గరికి పరిగెత్తాను.

ఒకసారి ఆ గది మూశాక ఎవరు చెప్పినా మావయ్యగారు తీయరు. ఫెర్న్ అనేసరికి తీశారు.

"తొందరగా రామ్మా, గ్యాస్ పోతోంది" అన్నారు గుమ్మంలోంచి.

కుండీ ఎత్తుతుంటే వెనక వరిగడ్డిలో దూదీ పీచూ పోగేసిన గూడు కనిపించింది. కళ్లు తెరవని ఉడుతపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి ఎందుకు అరుస్తోందో అప్పుడు తెలిసింది. చెబితే మావయ్యగారు నవ్వుతారేమో, ఈ తోటల్లో ఉడుతలకేం తక్కువ అంటారేమో అనిపించింది. సరేననేవారేమో కూడా. నేను అడగలేదు. కుండీతో బయటికొచ్చాను. తలుపు మూశారు.

ఆ తర్వాత కూడా ఉడుత అరుస్తూనే ఉంది. గడియ తీద్దామని వెళ్లి, మావయ్యగారి దగ్గు వినపడి వెనక్కొచ్చేశాను. అన్నం సహించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. మొక్కని చూస్తే ఒళ్లు మండేది. అయినా వేళకి నీళ్లు పోశాను.

గది తెరిచిన రోజే మరిది వచ్చాడు. పచ్చగా ఉన్న ఫెర్న్‌ని చూసి మురిసిపోయి, "నువ్వు కాబట్టి బతికించావు వదినా" అన్నాడు. పక్కనే కూలీ మనిషి గదిలోంచి గడ్డి ఊడ్చి బయట పోస్తోంది. పిల్లలు అందులోనే ఉన్నాయి, కదలడం లేదు. గోనెలు లాగేసిన వెంటిలేటర్‌లోంచి తల్లి ఉడుత లోపలికి దూకి, ఖాళీ మూలలో అటూ ఇటూ వెతకసాగింది.

"పళ్లు కొరికేస్తుంది, తోలమ్మా" అని అత్తయ్యగారు చీపురు నా చేతికిచ్చారు.

తోలాను.