కామాక్షయ్య సారు నీలికాగితం

కామాక్షయ్య సారుకు ఒకటే జబ్బు. తడిగా ఏది కనబడినా అందులో లిట్మస్ కాగితం ముంచందే ఆయనకు ముద్ద దిగదు. గూడూరు పక్కన హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే ఆ మహానుభావుడి జేబులో పెన్నుండదు గానీ, నీలం, ఎరుపు కాగితాలు మాత్రం కట్టలు కట్టలు! పులుపు తగిలిందా, నీలం ఎర్రబడాల్సిందే.

పెళ్లికి పిలిస్తే అక్షింతలు తర్వాత, ముందు చారులో కాగితం. గుళ్లో తీర్థం పోస్తే అందులోనూ అంతే. "దేవుడికే పరీక్షలా సారూ?" అని పూజారి లబలబలాడినాడు.

"దేవుడికి కాదయ్యా, నీ చెంబుకి. చింతపండేసి తోమి, సరిగ్గా కడగలేదు నువ్వు!"

పాఠమూ అట్లాగే చెప్పేవారు. "ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఏమొస్తుందిరా?"

"లవణమూ నీళ్లూ సార్!"

"మా ఇంట్లోనూ అదే. నేను ఆమ్లం, మా ఆవిడ పిచ్చమ్మ క్షారం. కలిస్తే ఉప్పూ నీళ్లూ. అవీ నా కళ్లల్లోంచే!"

క్లాసంతా పగలబడి నవ్వేది, ఒక్క మాలకొండమ్మ తప్ప. మధ్యాహ్నం గంట దగ్గరపడే కొద్దీ ఆ పిల్ల క్యారియర్‌తో బయటికి జారుకునే దారి చూసుకునేది. గంట కొట్టగానే సారు అందరి క్యారియర్లలో కాగితం ముంచుతూ వస్తారు. తన క్యారియర్లో మెతుకు లేదు. నాన్న మంచాన పడి రెణ్ణెల్లు. అమ్మ పెంచలమ్మ తన వంతు సద్దన్నం కూడా కూతురి క్యారియర్లో పెట్టి తెల్లారకముందే నిమ్మకాయల మార్కెట్టుకు పోతుంది. ఈ పిల్లేమో దాన్ని తమ్ముళ్ల గిన్నెలో వంచేసి, ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ బడికొస్తుంది. ఆ సంగతి బయటపడిందా, ఇక బడి గడప తొక్కేది లేదని ఒట్టు పెట్టుకుంది.

ఆరోజు ఆ పిల్ల జారుకునేలోపే సారు ఆమె ముందు నిలబడి మూత తీశారు. చూశారు. మూత అడ్డం పెట్టి, జేబులోంచి చల్లగా ఎర్రకాగితం తీసి, నీలిదే ఎర్రబడినట్టు పైకెత్తారు. ఆ సంగతి మాలకొండమ్మ ఒక్కతే చూసింది.

"అబ్బబ్బా! ఏం పులుసురా నాయనా ఇది! కడుపులో పడితే పేగులు తూట్లే. దీన్ని లేబరేటరీకి జప్తు చేస్తా ఉండా. నువ్వు నా పెరుగన్నం తిను పాపా."

ఆ జప్తు రోజూ సాగింది. పెంచలమ్మ పులుసు మాట ఊరంతా పాకి, చివరకు మార్కెట్టుకూ చేరింది. ఇంకేముంది, పెంచలమ్మ బుట్ట కింద పడేసి, కొంగు నడుముకు బిగించి అన్నాల వేళకు నేరుగా క్లాసులోకొచ్చింది.

"ఏంది సారూ, నా పులుసు విషమని చాటినారంట? అసలు నేను పులుసు కాచి రెణ్ణెల్లయ్యింది! నేను పెట్టేది వొట్టి సద్దన్నమైతే..."

మాలకొండమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకొక్క మాట చాలు, బండారం బయటపడిపోతుంది.

"చెయ్యి చాపమ్మా," అన్నారు సారు.

కుళ్లిన నిమ్మకాయలు ఏరిన చెయ్యి, తడి ఇంకా ఆరలేదు. నీలికాగితం తాకించగానే చటుక్కున ఎర్రబడింది. ఈసారి మోసం లేదు.

"చూసినార్రా? పులుపు పులుసులో కాదు, చేతుల్లో ఉండాది! ఈమె సద్దన్నం కలిపినా పులుసే!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. పెంచలమ్మ నోరు తెరిచి సారును చూసింది. కూతురి ముందున్న పెరుగన్నాన్ని చూసింది. తలెత్తలేకుండా కూచున్న పిల్లను చూసింది. తల్లి కదా, తెలిసిపోయింది.

"నిజమే సారూ. నా చెయ్యే పులుపు. వాళ్ల నాయన లేచి తిరిగేదాకా ఈ బిడ్డ అన్నం మీరే చూడాల," అని, పిల్ల తల నిమిరి, కొంగు విప్పుకుంటూ వెళ్లిపోయింది.

"ప్రయోగం సఫలం," అన్నారు సారు. "తినమ్మా, పెరుగు పులిసిపోగలదు. అప్పుడు దాన్నీ జప్తు చెయ్యాల్సొస్తుంది."

మాలకొండమ్మ మొదటిసారి అందరితో పాటు నవ్వుతూ ముద్ద కలిపింది.