పన్నెండు మందికి ఒకే తువ్వాలు

ప్రియ సహోదరీ సహోదరులారా, పొలంలో నా అరికాలికి తుమ్మముల్లు దిగి విరిగిపోతే, ఇల్లు చేరేదాకా నాకు తెలియలేదు! నెత్తురు చూసి నా భార్య మరియమ్మ కేక వేసింది గాని నాకు నొప్పే లేదు. ఆ పాదం మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఎప్పటినుంచో ఉండేది, ఎండకు వచ్చిందనుకున్నాను. కర్నూలులో డాక్టరమ్మ పరీక్షించి అది కుష్ఠు అని చెప్పింది. మందు మొదలుపెడితే ఇతరులకు అంటదని, తప్పక నయమవుతుందని కూడా చెప్పింది. మైదుకూరు దగ్గరి మా ఊరికి మాత్రం మొదటి మాటే చేరింది.

నేను సంఘ పెద్దను, అందరూ పెద్దయ్య అంటారు. మా గుడి సంఘంలోని బాలస్వామి టీ అంగడిలో ‘ఏమప్పా, పెద్దయ్యకు పెద్దరోగమంట!’ అని అందరినీ నవ్వించాడట. నేను గుడికి పోవడం మానేశాను. రోజూ మందు వేసుకుని, డైరీ రాసుకుని, ‘ప్రభువా, రోగం ఉంటే ఉండనీ, నీ ఇంటి నుంచి నన్ను వెలివేయకు’ అని ఏడ్చేవాణ్ణి.

యేసయ్య తన పన్నెండుమంది శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, పవిత్ర గురువారం నాడు మా గుడిలో ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడిగి, ఒకే తువ్వాలుతో తుడిచి, ముద్దుపెట్టుకుంటారు. ఏటా అందులో నేనూ ఒకణ్ణి. ఈసారి ఫాదరే ఇంటికి వచ్చి పిలిస్తే వెళ్లాను. ‘ఆయప్పకు తుడిచిన తువ్వాలు మనకొద్దప్పా’ అన్న గుసగుస నా చెవిన పడింది, ఫాదర్ చెవినా పడింది.

ఆయన ప్రసంగంలో పునీత హ్యూ జీవితం చెప్పారు. మధ్యయుగంలో ఇంగ్లాండులోని లింకన్ మేత్రాణులు, అంటే బిషప్పు, అయిన ఆ మహనీయుడు కుష్ఠురోగుల కాళ్లు స్వయంగా కడిగి, వారి ముఖాలను ముద్దాడేవారట. ‘పూర్వం పునీత మార్టిన్ ముద్దుతో కుష్ఠురోగి బాగయ్యాడు, మరి మీ ముద్దుతో?’ అని ఒక పండితుడు దెప్పితే, ‘మార్టిన్ ముద్దు రోగి ఒంటిని బాగుచేసింది, ఈ రోగుల ముద్దు నా ఆత్మను బాగుచేస్తోంది’ అని హ్యూ అన్నారట! అటువంటి మనిషి కనుకనే ఆయన శవపేటికను రాజులు మోశారు, ఆయన సమాధి దగ్గరికి జబ్బుమనుషులు తరతరాలు తరలివచ్చారు.

కాళ్లు కడిగే వేళయింది. నా తర్వాత ఎవరూ ఉండకూడదని చివరి కుర్చీలో కూర్చున్నాను. మొదటి కుర్చీలోని బాలస్వామి లేచి, ‘యాడికి పోతాండావు?’ అని భార్య గదిమినా వినకుండా కుర్చీ ఎత్తుకుని నా అవతలికి వచ్చాడు.

‘జరుగు పెద్దయ్యా, నీ తరవాత నేను. కాళ్లతో పాటు ఈ నోరు గూడా కడగమంటా ఫాదర్‌ను!’

గుడంతా నవ్వింది, సహోదరులారా, నేనూ నవ్వాను! ఫాదర్ నా కాలు కడిగి, తుడిచి, ఆ మచ్చ మీదే ముద్దుపెట్టారు. అక్కడ స్పర్శ లేదు, పెదవులు ఆనినట్టు నాకు తెలియలేదు, కళ్లతో చూశాను. తర్వాత అదే తువ్వాలు బాలస్వామి కాళ్ల మీదికి పోయింది.

మందుల కాలం పూర్తయింది, రోగం పోయిందని డాక్టరమ్మ చెప్పింది. దేవునికే మహిమ! మీలో ఎవరికైనా స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోకండి, ఆసుపత్రికి పోండి, గుడికీ రండి. కుష్ఠురోగిని చెయ్యి చాచి ముట్టుకున్న మన యేసయ్యను నమ్మండి, ఆయన మిమ్మల్ని చూసి వెనక్కి జరగడు.