ఎర్ర వరుసలు

నజ్మా మీద నాకు మొదట్నుంచీ కోపమే. దాచుకోవడమెందుకు? నంద్యాలలో మా ఆసుపత్రి డయాలసిస్ గదిలో ఇరవై రెండేళ్లుగా యంత్రాలు నడుపుతున్నాను. ఎవరు ఏ రోజు రావాలో గోడ మీది పలకపై సుద్దతో రాసేవాణ్ణి. రెండు నెలల కిందట ఈ అమ్మాయి వచ్చి పలక తీయించి వెబ్‌సైటు పెట్టింది. రేపటి డయాలసిస్ కుర్చీని ఈరోజు మధ్యాహ్నమే ఫోన్లో బుక్ చేసుకోవాలి. పొద్దున్నే జాబితా నా చేతికొస్తుంది. అందులో పేరుంటే లోపలికి, లేకపోతే ఇంటికి.

నజ్మాది ఆళ్లగడ్డ. తండ్రి అన్సార్ పరుపులు కుడతాడు. ఆయన పరుపుగుడ్డతో కుట్టిచ్చిన సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని రోజూ బస్సులో వస్తుంది. ఇరవై ఏడేళ్లు. "తెలియదు" అనే మాట ఆ పిల్ల నోట నేనెప్పుడూ వినలేదు. అదే నాకు ఒళ్లు మంట.

ఆ బుధవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి రంగయ్య అనే పేషెంటు వచ్చాడు. జాబితాలో పేరు లేదు. చేతిలో మాత్రం ప్రింటు తీసిన కాగితం ఉంది: 'మీ బుకింగ్ అయింది, ధన్యవాదాలు.'

"ఈడ రాసుండాది కదప్పా అయిందని! లేదంటావేంది?" అని అరిచాడు.

ఆయన్ని ఖాళీగా ఉన్న యంత్రం దగ్గర కూర్చోబెట్టి, కాగితం పట్టుకుని సంబరంగా నజ్మా దగ్గరికి వెళ్లాను. "చూడమ్మా నీ కంప్యూటర్ ఘనకార్యం."

"పాత కాగితమేమో సంజీవయ్యన్నా. ఇంతవరకూ ఒక్క కంప్లైంటు రాలే."

"నొప్పి లేకపోతే రోగం లేనట్టా? కిడ్నీలు పోయేదాకా తెలీనోళ్లను ఎంతమందిని చూసుంటా నేను!"

ఆమె ముఖం మారింది. "మా అబ్బా పరుపు కుట్టినాక అరచేత్తో అంతా తడుముతాడన్నా. సూది లోపలుండిపోతే పండుకున్నోనికే తెలుస్తాదంటాడు. నేను తడమలే."

మధ్యాహ్నం దాకా అన్నం తినకుండా కూర్చుంది. సైటుకు ఎవరు ఏమి పంపినా ఆ క్షణమే తెర మీద ఒక వరుస పడేలా చేసింది: టైము, ఫోన్ నంబరు, ఏం జరిగింది. పని జరిగితే తెల్ల వరుస, చెడితే ఎర్ర వరుస.

"ఇన్నాళ్లూ ఇవన్నీ యాడికి పోతాండె?" అన్నాను.

"యాడికీ పోలేదన్నా. రాసుకోలే, అంతే."

రెండింటికి బుకింగులు మొదలయ్యాయి. అన్నీ తెల్లగానే పడుతున్నాయి. రెండూ పదిహేడుకు ఒక ఎర్ర వరుస పడింది. వెంటనే ఇంకొకటి. మళ్లీ రెండు. నాలుగింటికీ నంబరు ఒకటే. నజ్మా ఆ నంబరు మీద వేలు పెట్టింది. ఒకరే రెండేసి కుర్చీలు పట్టుకుంటున్నారని మేనేజర్ గోల చేస్తే, నంబరుకు రోజుకు ఒకే బుకింగ్ అని పోయిన శనివారం తనే నియమం పెట్టింది. పేషెంట్లు భయపడకూడదని ఆయనే చెప్తే, పని చెడినా 'ధన్యవాదాలు' పేజీయే కనిపించేలా అంతకు ముందే రాసి పెట్టింది. రెండూ కలిసి కొంప ముంచాయి.

ఆ నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు గౌస్ ఎత్తాడు.

"మనూరి పేషెంట్లంతా నా దగ్గరికే వస్తారు కదమ్మా. వాళ్లకు ఫోన్ చూడ్డం రాదు, ఓటీపీ నా నంబరుకే తెప్పిచ్చుకుంటా. ఈ పొద్దు ఐదుమందికి చేస్తి."

"సోమవారానికి ఎవరెవరికి చేసినావ్ భాయ్?"

"చందనకు, ఫాతిమున్నీసాకు. ఆ ముసలమ్మను తిప్పి పంపినారంట కదా? ఆయాసంతో పండుకోనుంది. రేపటికన్నా పేరెక్కించు తల్లీ."

తిప్పి పంపింది నేనే. సోమవారం ఆమె గోడ పట్టుకుని నిలబడి, "గౌస్ చేసినాడప్పా" అంది. "లిస్టులో లేవు. పో, ఆ కంప్యూటర్ పిల్లనడుగు" అన్నాను. ఆమె పోయి గొడవ పడితే నజ్మా పరువు పోతుందని నా ఆశ. ఆమె ఎవరినీ అడగలేదు. బస్సెక్కి వెళ్లిపోయింది. అంతకుముందు డయాలసిస్ జరిగింది గురువారం. అంటే ఆరు రోజులు.

ఫోన్ లాక్కున్నాను. "రేపు కాదు గౌస్, ఇప్పుడే! షాపు మూసెయ్. బండి మాట్లాడి బేగా తీసుకురా."

యంత్రం సిద్ధం చేశాను. డాక్టరుకు చెప్పాను. నజ్మా నియమం తీసేసి, ఎర్రగా పడిన నలుగురినీ ఒక్కొక్కరినే మళ్లీ ఎక్కిస్తోంది. తలెత్తకుండానే అడిగింది: "సోమవారం వాకిట్లో ఎవరుండిరన్నా?"

"నేనే."

ఆమె తర్వాతి పేరు ఎక్కించింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

గౌస్ ఫోన్ చేశాడు. "సిరివెళ్ల దాటినాం. ముసలమ్మ పిలిస్తే పలకల్యాదు." తర్వాత ఇరవై నిమిషాలు నేను గేటు దగ్గరే నిలబడ్డాను. దేవుళ్లందరికీ మొక్కాను, ఆమె దేవుడికి కూడా.

ముఖమంతా వాచి, ఎగశ్వాసతో వచ్చింది. స్ట్రెచర్ మీద లోపలికి తోస్తుంటే కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఈ పొద్దన్నా పేరుండాదా నాయనా?"

ఎత్తిపొడుపు కాదు. మళ్లీ పంపించేస్తానేమోనని నిజంగానే భయపడింది. "ఉండాదమ్మా" అన్నాను. ఏడుపు ఆగలేదు. నాలుగు గంటలు ఆమె పక్కనుంచి కదల్లేదు. మూడో గంటకు ఊపిరి కుదుటపడి, మంచినీళ్లడిగింది.

మర్నాడు నజ్మా వాకిటి దగ్గర ఒక చిన్న తెర పెట్టింది. ఎవర్నయినా తిప్పి పంపితే ఎవరిని, ఎప్పుడు, ఎందుకు, పంపిందెవరు అని రాయాలి. రాసిన క్షణమే అది ఆమెకూ డాక్టరుకూ కనిపిస్తుంది. ఎవరూ అడగకుండానే మొదటి వరుస నేను రాశాను. ఫాతిమున్నీసా. సోమవారం. పంపింది సంజీవయ్య. 'ఎందుకు' అన్నచోట చాలాసేపు ఆగాను. ఆ పూట ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. అదే రాశాను.