మేడం తట్టిన తలుపు

పొద్దున శాలిబండ మలుపులో ఆమ్లెట్ వాసన తగిలిందంటే చాలు, నాకు ఒళ్లు జలదరిస్తుంది. తినే వాసనకు భయమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఏం చెప్పను? మా ప్రయోగశాలలో క్షయ బ్యాక్టీరియాను పెంచేది కోడిగుడ్ల సొన మీదే. అందులో ఆకుపచ్చ రంగు కలిపి, గాజు గొట్టాల్లో పోసి, వేడికి గట్టిపడనిస్తాం. ఆ పని నాకు దగ్గరుండి నేర్పింది మా వసుంధర మేడం.

మేడంది ఉస్మాన్‌గంజ్. కింద వాళ్ల నాన్నగారి ఎండుమిర్చి గోదాము, పైన ఇల్లు. చిన్నప్పుడే క్షయ వచ్చి, మందులతో నయమైందట. అయినా జీవితమంతా ఆ బ్యాక్టీరియా వెంటే పడ్డారు. గొట్టాలు పెట్టే ఇంక్యుబేటర్ తెరిచే ముందు వేలి కణుపుతో తలుపు తట్టడం ఆవిడ అలవాటు. చేరిన కొత్తలో అది చూసి నేను నవ్వేశాను. మేడం నవ్వలేదు.

"లోపల పండుకున్నోళ్లున్నరు బేటా. చచ్చిన్రనుకున్నవా ఏంది?"

ఆవిడ పట్టుకు కూర్చున్నది ఒకే ఒక్క జన్యువును. ఊపిరితిత్తుల్లో తిండి కరువైనప్పుడు ఆ బ్యాక్టీరియా మన కొవ్వునే తిని బతుకుతుంది. అందుకు కావలసిన ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైము ఆ జన్యువు వల్లే తయారవుతుంది. మన ఒంట్లో అలాంటి ఎంజైము లేదు. జన్యువు తీసేసిన బ్యాక్టీరియా ఎలుకల్లోకి చేరుతుంది గాని కాపురం పెట్టలేదు. జన్యువు ఉన్నది మాత్రం ఏళ్ల తరబడి కిమ్మనకుండా పడి ఉంటుంది. ఆ ఎంజైమును ఆపే మందు కోసం మేం పడని పాట్లు లేవు.

ఒక చలికాలం చివర మేడం దగ్గడం మొదలుపెట్టారు. గోదాములో కొత్త మిర్చి దిగింది, ఇంటిల్లిపాదీ దగ్గుతున్నారు, ఫికర్ చెయ్యకు అన్నారు. నేనూ నమ్మాను. గాలాడని చిన్న గదిలో ఎదురెదురుగా కూర్చుని, నిద్రపోయే బ్యాక్టీరియా గురించే మాట్లాడుకునేవాళ్లం. అది ఆవిడలోనే నిద్ర లేచిందని, ఖర్మ, ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

సంగతి బయటపడేసరికి ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. ఆసుపత్రిలో చూడబోతే, ఆవిడ దగ్గర మసలిన వాళ్లందరికీ చేసిన క్షయ పరీక్షలో ముందు నాదేమైందని అడిగారు. పాజిటివ్ వచ్చిందనీ, జబ్బు లేదు గాని లోపల బ్యాక్టీరియా నిద్రపోతోందని డాక్టర్లన్నారనీ చెప్పాను. మాత్రలు ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదన్నాను. మేడం నుంచి వచ్చింది కదా, చంపడానికి చేతులాడలేదు. ఆవిడకు చెప్పకుండానే అర్థమైంది. ఆయాసపడుతూ మాస్కు సర్దుకున్నారు.

"అది నా గుర్తని దాచిపెట్టుకునేది కాదు బేటా. మింగు."

మింగాను. మాత్రలన్నీ పూర్తయ్యేసరికి మేడం లేరు.

ఆ పరీక్ష నాకు ఇప్పటికీ పాజిటివే వస్తుంది. మందులు వాడాక కూడా అలాగే ఉండిపోవచ్చు, భయం లేదంటాడు డాక్టరు. చచ్చాయో, పడుకున్నాయో ఆ పరీక్ష చెప్పలేదు. ఈ పొద్దున కూడా ఇంక్యుబేటర్ తలుపు తట్టే తెరిచాను. తర్వాత చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అదే వేలి కణుపుతో నా రొమ్ము మీదా తట్టాను. ఊపిరి బిగబట్టి కాసేపు విన్నాను.