ఏడు చీటీలు

పన్నెండు కాగితం ముక్కలు. నలభై ఏళ్ళుగా నేను మోస్తున్న బరువు అంతే. ఆదివారం ప్రార్థనలో మోకరించి మిగతా తప్పులన్నీ చెప్పుకునేదాన్ని. దీని దగ్గరికి వచ్చేసరికి దాటేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో పల్నాడులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరాను. ఊరి పేరు రాయను. ఖోఖో జట్టును తయారు చేయమన్నారు. ఆట నాకు వచ్చు, ఆడించడం రాదు. అరవడమే నేర్పడం అనుకునేదాన్ని. వేసవిలో గుంటూరులో పదిరోజులు శిక్షణ ఇచ్చారు. అక్కడ ఒక పెద్దాయన చెప్పిన మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను. మీరు లేని రోజున కూడా జట్టు ఆడగలగాలి, కెప్టెన్ని మీరు పెట్టకండి, పిల్లల్నే ఎన్నుకోనివ్వండి అన్నాడు. నాకు చాలా నచ్చింది. తిరిగొచ్చి పిల్లలకూ అదే చెప్పాను.

మా జట్టులో మస్తాన్‌బీ అని తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. సైకిల్ షాపాయన కూతురు. ఖోఖోలో వరసగా కూర్చున్నవాళ్ళు వెనకనుంచి ఖో అందితేనే లేవాలి. ఈ పిల్ల కూర్చున్నచోటి నుంచే కళ్ళతో జట్టునంతా నడిపేది. నేను విజిల్ వేసి ఏదన్నా చెప్తే, పిల్లలు ముందు ఆమె మొహం వంక చూసి, ఆ తర్వాత నావైపు తిరిగేవాళ్ళు. ఒకసారి కాదు, రోజూ. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్ల మీద కుళ్ళుకున్నాను. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నరసరావుపేట పోటీలకు ముందు కెప్టెన్ కోసం చీటీలు రాయించాను. ఎవరికి రాశారో బయటికి చెప్పొద్దన్నాను. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని విప్పాను. ఏడింటిలో మస్తాన్‌బీ పేరు. మూడింటిలో సరోజిని. మిగతా రెండింటిలో వేరేవాళ్ళ పేర్లు. బయటికొచ్చి సరోజిని అని చెప్పాను. సరోజిని నా మాట జవదాటని పిల్ల. చీటీలు ఇంటికి తీసుకెళ్ళి పొయ్యిలో వేశాను.

ముసల్మానుల పిల్ల గదా, పై ఊళ్ళకు వాళ్ళ నాన్న పంపడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వారమే ఆయన గ్రీజు చేతులతో బడికి వచ్చి, బస్సు తిరిగి ఎన్నింటికి వస్తుందో అడిగి, కూతురికి కాన్వాసు బూట్లు కొంటున్నానని చెప్పి వెళ్ళాడు. అది తెలిసీ ఆ సాకునే పట్టుకున్నాను. ఎంత చవకైన సాకు అది.

మర్నాడు బడి వదిలాక మస్తాన్‌బీ నా దగ్గరికొచ్చింది.

"నాకు ఎన్ని పడ్డయ్ టీచర్?"

ఏమీ పడలేదనడానికి నోరు రాలేదు. "ఒక్కటమ్మా" అన్నాను. అది దయ అనుకున్నాను.

ఆ పిల్ల తల దించుకుంది. "అది నేను రాసుకుందే టీచర్. ఎవురికీ చెప్పమాకండి, నవ్వుతారు."

"చెప్పన్లే" అన్నాను. అప్పుడు చెప్పినవాటిలో ఆ మాట ఒక్కటే నిలబెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు జట్టులోనే ఉన్న ఎస్తేరు అనే పిల్ల ఏడుస్తూ వచ్చింది. తనూ కోటమ్మా మస్తాన్‌బీతో, మేం నీకే రాశామే అన్నారట. నా మీద జాలిపడి అబద్ధాలాడొద్దు అని ఆమె వాళ్ళతో మాటలు మానేసిందట. మానేయదా మరి? ఒక్కటే పడిందని టీచరే చెప్పింది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండొచ్చు. ఊరుకోమ్మా, అదే సర్దుకుంటుంది అన్నాను. సర్దుకోలేదు. మస్తాన్‌బీ కొత్త బూట్లు వేసుకుని బడికి వచ్చేది, ఆటకు మాత్రం రాలేదు. బెల్లు కొట్టగానే గ్రౌండు వైపు చూడకుండా గోడవార నుంచి వెళ్ళిపోయేది.

నేను లేకపోయినా ఆడగల జట్టు అప్పటికే నా కళ్ళముందు ఉంది. నోటుబుక్కులో రాసుకున్నది నిజంగా జరుగుతుంటే ఎందుకు ఓర్చుకోలేకపోయాను? వాళ్ళకు నా అవసరం తగ్గుతోందని భయపడ్డాను, అంతే. అది ఒప్పుకోలేక, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కొత్తగా వచ్చిన డ్రిల్లు టీచర్లందరికీ ఈ చీటీల పద్ధతే నేర్పాను. పిల్లల్ని నమ్మండి అని చెప్పేదాన్ని. బాగా చెప్తానని పేరు కూడా వచ్చింది.

మస్తాన్‌బీ ఇప్పుడు పిడుగురాళ్ళలో ఉందని విన్నాను. ఇక్కడినుంచి గంట ప్రయాణం. వెళ్ళలేదు. వెళ్తానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్తున్నాను. ఆ పిల్లలు అబద్ధమాడలేదు. ఆమె చీటీ కాక ఇంకో ఆరుగురు ఆమెనే కోరుకున్నారు.

ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. నాకే. ఆమెకు కాదు.