మా యాడి అనని మాటలు

పదకొండేళ్లుగా మింగలేక కక్కలేక ఉన్నాను. ఇవాళ కక్కేస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు.

నాకు పేరు తెచ్చిన కథ తెలుగులోనే ఉంటుంది, అందులో తల్లి మాత్రం లంబాడీలో మాట్లాడుతుంది. ఆ మాటలకే అందరూ మురిసిపోయారు. తండా కళ్లకు కట్టిందన్నారు. అవన్నీ నేను వచ్చీరాని హిందీ మాటల తోకలు మార్చి అల్లినవి. నాకు లంబాడీ రాదు.

ఎట్లా వస్తుంది? ఆరేళ్లకే హాస్టల్లో వేశారు. సెలవులకు కురవి దగ్గరి మా తండాకు పోతే, యాడి, అంటే మా అమ్మ, అక్కలతో మా బోలిలో మాట్లాడుతూ నా వైపు తిరిగేసరికి తెలుగులోకి మారేది. కూలికి పోయినచోట ఆసాములతో మాట్లాడే తెలుగు. నాతోనూ అదే. ఆ ఏడుపు రాసే దమ్ము లేక, భాష వచ్చినట్టు నటించాను. నటిస్తే ఏం? పోయింది నా భాష, మీ సొమ్మేం పోయింది? ఇన్నాళ్లూ ఇలాగే దబాయించుకున్నాను. ఇప్పటికీ అంటాను. కానీ అసలు తప్పు అది కాదు.

మహబూబాబాద్‌లో ఆ కథ మీద సభ పెట్టారు. దంతాలపల్లి వైపు తండా నుంచి వచ్చిన ఓ డిగ్రీ అమ్మాయి లేచింది. చేతిలో తను రాసుకున్న కథల నోటుబుక్కు ఉంది.

"అన్నా, జర ఏమనుకోకు. గీ మాటలు మన బోలిల లేవు గదా? మా యాడికి సదివి వినిపిస్తే ఆమెకు గూడ సమజ్ కాలే."

మైకు దగ్గరికి లాక్కున్నాను.

"మీ తండల లేకుంటే మా తండల ఉండొద్దా? ముందుగాల నువ్వు బోలి నేర్సుకో చెల్లె. ఇవి మా యాడి నోట్లెకెల్లి వచ్చిన మాటలు."

సభ గొల్లుమని నవ్వింది. ఆమె నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఏ సభలోనూ కనిపించలేదు. రాయడం మానేసిందా? నా వల్లేనా? ఇంకెవరి వల్ల!

ఇప్పుడు ఆ కథ ఉన్న పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారు. లంబాడీ మాటలకు కింద అర్థాలు ఇమ్మన్నారు. లేని అర్థాలు ఎక్కడి నుంచి తేను? అర్థాల బదులు ఇదంతా రాసి పంపాను. వేస్తే వేస్తారు, లేకపోతే చింపేస్తారు. నేనైతే ఒక్క అక్షరం తీయను.

చెల్లె, నీ పేరైనా అడగలేదు నేను. ఆ రోజు ఆ సభలో మన బోలి వచ్చింది నీకొక్కదానికే.